ఎవరి తాళం వాళ్ళే తీయాలి

పోయిన వారం పంతుల్ని మనం ఒక్క మాట దగ్గర వదిలేసి వచ్చాం. ఆ మాట "లేదు". పదంతస్తుల భవనం, కింద లిఫ్టు గుమ్మం ముందు జనం, స్ట్రెచర్ మీద హుషారు. ఆ గోలలో, కంపెనీలో ప్రమాదాల మీద విచారణ చేసే సేఫ్టీ మేడమ్ పుస్తకం తెరిచి, "మీరు పైన స్విచ్ వేసేటప్పటికి దానికి తాళం ఉందా?" అని అడిగింది. "లేదు" అనేశాడు పంతులు. అలా అనాలని అతను అనుకోలేదు. నోరు తెరిచేసరికి అదే వచ్చింది.

ఇప్పుడే మన కథలోకి వస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. పంతులు బడిలో పాఠాలు చెప్పే పంతులు కాదు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇరవై రెండేళ్ళ కిందట పనిలో చేరిన మొదటి రోజే తనకంటే పాతవాళ్ళని కూర్చోబెట్టి, హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో గంటసేపు చెప్పాడు. దాంతో ఉన్న పేరు కాస్తా ఊడిపోయి పంతులు మిగిలింది. హుషారు అతని జోడీ. లిఫ్టు పని ఒంటరిగా చేసేది కాదు. ఒకడు పైన మోటారు గదిలో ఉంటే ఇంకొకడు లిఫ్టు అడుగున గోతిలో ఉంటాడు, మధ్యలో పదంతస్తుల చీకటి. అలా ఇరవై రెండేళ్ళు ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని బతికిన ఇద్దరు మగాళ్ళు, ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటే వింతేం లేదు. హుషారు ఒకప్పుడు పేరుకి తగ్గ మనిషే. తర్వాత పదేళ్ళు తాగాడు. మామూలుగా కాదు, ఇల్లూ ఒళ్ళూ గుల్ల చేసుకునేంతగా. ఇప్పుడు మానేసి డెబ్బై రోజులు. నిన్నటి ప్రమాదం తర్వాత, నిజంగా మానేశాడా అని లోకం మొత్తానికీ అనుమానం వచ్చింది. హుషారుకి కూడా వచ్చింది. అదీ మన తలనొప్పి.

ఇక ఆ తాళం సంగతి. వీళ్ళ పనిలో ప్రతి మెకానిక్కుకీ ఒక ఎర్ర తాళం ఇస్తారు. దాని మీద అతని ఫొటో, నంబరు. గోతిలోకి దిగేవాడు ముందు పైకి వెళ్ళి, లిఫ్టుకి కరెంటు ఆపి, ఆ స్విచ్‌కి తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుని, అప్పుడు దిగాలి. తాళానికి చెవి ఒక్కటే. ఎవరు వేసిన తాళం వాళ్ళే తీయాలి. మేనేజరు వచ్చినా సరే, కన్నతండ్రి వచ్చినా సరే, వేరే చెయ్యి దాని మీద పడకూడదు. తాళం కనిపించిందంటే వేసినవాడు లోపల ఉన్నాడన్నట్టే. ముందు అతనికి ఫోన్ చేయాలి, దొరక్కపోతే గోతి దాకా దిగి వెతకాలి. ఇదంతా కొత్తవాళ్ళకి నేర్పేది ఎవరనుకున్నారు? మన పంతులే.

ఇప్పుడు, పోయిన వారం నేను కావాలనే దాచిన ముక్క ఒకటి చెబుతాను. అప్పుడే చెప్పేస్తే మీరు పంతుల్ని నానా మాటలూ అనేవాళ్ళు. ఆ స్విచ్‌కి తాళం ఉంది. హుషారు తాళమే. దాన్ని తీసింది పంతులు.

ఎలాగంటే, ఆరేళ్ళ కిందటి మాట. హుషారు తాగుడు ముదిరిన రోజులు. గోతిలోంచి పైకి వచ్చేవాడు, తాళం స్విచ్‌కే వదిలేసి ఎటో పోయేవాడు. లిఫ్టు ఆగిపోయి, ముసలివాళ్ళు మెట్లెక్కలేక గోల పెట్టి, ఆఫీసుకి ఫోన్లు వెళ్ళేవి. తాళం కోయాలంటే ఇద్దరు అధికారులు సంతకాలు పెట్టాలి, ఆ సంతకాలు హుషారు ఫైల్లోకి ఎక్కాలి. అలా రెండు ఎక్కాయి. మూడోది ఎక్కితే ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు పంతులు ఏం చేశాడంటే, ఒక మధ్యాహ్నం హుషారు బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, అతని జేబులోంచి తాళంచెవి తీసుకెళ్ళి ఇంకోటి చేయించాడు. ఆ తర్వాత హుషారు ఎక్కడ తాళం మరిచినా, పంతులు చడీచప్పుడు లేకుండా తీసి, ఆఫీసు బోర్డు మీద హుషారు కొక్కానికి తగిలించేవాడు. ఎవరికీ తెలియలేదు. తన భార్యకి కూడా చెప్పలేదు.

నిన్న పొద్దున్న ఎనిమిదీ నలభైకి అతను మోటారు గదిలోకి వెళ్ళేసరికి ఆ ఎర్ర తాళం కనపడింది. మంగళవారం పొద్దున్న హుషారు తాగుడు మానేసినవాళ్ళ మీటింగుకి వెళతాడు, పదింటి దాకా రాడు. మరి ఈ తాళం ముందురోజుదే కదా. సోమవారం సాయంత్రం ఆఖరున వెళ్ళింది హుషారే. ఫోన్ చేశాడు, స్విచాఫ్. తాగే రోజుల్లో ఫోన్ స్విచాఫ్ అంటే అర్థం ఒకటే. డెబ్బై రోజుల కష్టం బూడిదలో పోసినట్టయిందని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడకముందే తీసేయాలని చెయ్యి దానంతట అదే పర్సులో దాచిన రెండో తాళంచెవి మీదికి వెళ్ళింది. తాళం తీశాడు, స్విచ్ వేశాడు. ఆ రకం లిఫ్టు కరెంటు రాగానే తనంతట తానే కింది అంతస్తుకి దిగుతుంది. గోతిలో హుషారు ఉన్నాడు. మీటింగు మధ్యాహ్నానికి మారితే, బావకి పని తగ్గుతుందని ముందే వచ్చి, గోతిలో పాడైన ఎర్ర బటన్ మారుస్తున్నాడు. అది నొక్కితే లిఫ్టు ఆగిపోవాలి. అదే పాడై ఉంది.

మూలకి దూకాడు కాబట్టి బతికాడు. భుజం ఎముక విరిగింది, కుడిచేతి రెండు వేళ్ళు నలిగాయి. ఆ తాళాన్ని పంతులు సాయంత్రం లోపే, అలవాటు కొద్దీ, ఆఫీసులో హుషారు కొక్కానికి తగిలించేశాడు.

ఇదీ ఇవాళ పదకొండు గంటలకి బత్తాయిల సంచితో ఆసుపత్రికి వచ్చిన మనిషి మనసులో ఉన్నది. లిఫ్టు ముందు నిలబడ్డాడు. తలుపులు తెరుచుకున్నాయి, లోపల నలుగురు జరిగి చోటిచ్చారు కూడా. అడుగు పడలేదు. "మీరు వెళ్ళండి" అని చెప్పి నాలుగంతస్తులూ మెట్లెక్కాడు. మొదటి అంతస్తులో, వెళ్ళగానే చెప్పేస్తాను అనుకున్నాడు. రెండో అంతస్తులో, ముందు కాస్త తేరుకోనీ అనుకున్నాడు. మూడో అంతస్తులో, అసలు చెప్పి ఎవరికి ఏం ఒరుగుతుంది అనుకున్నాడు. నాలుగో అంతస్తుకి వచ్చేసరికి ఏమనుకున్నాడో అతనికే గుర్తు లేదు, ఆయాసం ఒక్కటే మిగిలింది.

హుషారు మంచం కిటికీ పక్కన ఉంది. భుజానికి కట్టు, చేతికి కట్టు, మొహం మీద గడ్డం మొలకలు. పక్కన స్టూలు మీద అతని భార్య. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నిన్న కబురందిన క్షణాన కుట్టుమిషను వదిలేసి వచ్చింది, మెడలో కొలతల టేపు ఇంకా అలాగే ఉంది.

"రండన్నయ్యా" అని లేచి స్టూలు జరిపింది. "కూర్చోండి. మీరైనా చెప్పండి, నాకు ఒక్కటే బోధపడటం లేదు."

"ఏంటి చెల్లెమ్మా?"

"నిన్న పొద్దున్న నా ఎదురుగానే కూర్చుని టీ తాగి వెళ్ళారు ఈయన. వాసన లేదు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చెయ్యి వణకలేదు. పదేళ్ళ సంసారంలో నాకు ఇంకేం వచ్చినా రాకపోయినా, అది కనిపెట్టడం వచ్చు. తాగలేదు. తాగకపోతే తాళం ఎలా మరిచిపోతారు? మరిచారంటే తాగే ఉండాలి. తాగి ఉంటే నాకు తెలియకుండా ఎప్పుడు తాగారు? ఎటు తిప్పి చూసినా లెక్క కుదరడం లేదు."

పంతులు సంచిలోంచి ఒక బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టాడు. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా.

"అడిగితే ఈయనకీ తెలియదట" అందావిడ. గొంతు పెంచలేదు. "నేనైతే ముందే చెప్పాను. ఇంకొక్కసారి తాగారని తెలిస్తే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతానని. బెదిరింపుకి అనలేదు. అక్కయ్య గది కూడా ఖాళీ చేసి పెట్టింది."

హుషారు కప్పు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "వేశాననే అనిపిస్తోంది బావా. తాళం టక్కుమన్న చప్పుడు కూడా చెవిలో ఉంది. కానీ ఆ చప్పుడు నిన్నటిదో పోయిన నెలదో చెప్పలేను. రాత్రంతా పడుకుని అదే విన్నాను. వినగా వినగా అసలు విన్నానా అని కూడా అనుమానం వచ్చేసింది."

"దెబ్బ తగిలింది కదా, అలాగే ఉంటుంది. విటమిన్ సి పడితే..." అని పంతులు మొదలుపెట్టాడు.

"విటమిన్ కాదు బావా. నేను ఎందుకు మానేశాను? నా బుర్ర నాకు తిరిగి వస్తుందని. చేతులు వణికినా ఓర్చుకున్నాను, నిద్ర రాకపోయినా ఓర్చుకున్నాను. ఇంత చేశాక కూడా తాళం వేశానో లేదో తెలియని బుర్రే మిగిలిందంటే, ఇక మానేసి మాత్రం ఏం లాభం? తాగినా ఇంతే, మానినా ఇంతే అయితే తాగడమే సుఖం కదా."

ఆ మాట అంటున్నప్పుడు హుషారు మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. సామాన్లు సర్దుకుంటున్న మనిషిలా ఉన్నాడు. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అని పంతులు అనుకున్నాడు. అనుకుని, పక్కనున్న చెల్లెమ్మని చూసి, మాట మింగేశాడు. ఆమె ముందు చెబితే ఆమె ఏమైపోతుందో, తను ఏమైపోతాడో, ఏదీ తెలియలేదు. ఒక్క మాటకి ఇన్ని కొసలుంటాయని అతను ఎన్నడూ అనుకోలేదు.

అంతలో నర్సు వచ్చి మందుల చీటీ ఇచ్చింది. "కింద షాపులో దొరుకుతాయి" అని చెప్పి వెళ్ళింది. చెల్లెమ్మ చీటీ తీసుకుని, "అన్నయ్యా, కాస్త చూస్తూ ఉండండి" అని బయటికి నడిచింది.

పంతులు బత్తాయి తొక్క తీసి, తొనలు విడదీసి, తొనల మీది పొర తీసి, లోపలి గింజలు తీసి, ఇంకా తీయడానికి ఏముందా అని చూస్తున్నాడు.

"బావా, ఆ పండుని చంపేశావు. వదిలెయ్యి" అన్నాడు హుషారు.

పంతులు చేతులు తుడుచుకున్నాడు.

"నా ఫోన్ పొద్దున్నే ఆన్ చేశారు" అన్నాడు హుషారు. "నిన్న ఎనిమిదీ నలభైకి నువ్వు చేసినట్టు మెసేజి వచ్చింది."

"అవును. చేశాను. స్విచాఫ్ వచ్చింది."

"గోతిలోకి దిగేముందు ఈమధ్య ఆపేస్తున్నాను. లోపల ఉండగా మోగితే ఉలిక్కిపడుతున్నాను, అందుకని." హుషారు తల అతి కష్టమ్మీద ఇటు తిప్పాడు. "ఎందుకు చేశావు?"

"ఎందుకేంటి? ఊరికే."

"మంగళవారం పొద్దున్న నేను మీటింగులో ఉంటానని నీకు తెలుసు. మీటింగులో ఉండగా ఫోన్ చేయొద్దని మా ఆవిడకి కూడా చెప్పినవాడివి నువ్వు. మరి ఎనిమిదీ నలభైకి, మోటారు గదిలో నిలబడి, నాకెందుకు చేశావు?"

పంతులు తొక్కలన్నీ ఏరి సంచిలో వేశాడు.

"ఎవరిదైనా తాళం కనపడితే ముందు ఏం చేయాలి బావా? నువ్వే కదా నేర్పుతావు అందరికీ."

కిటికీ బయట ఎవరో అంబులెన్సు వెనక తలుపు వేశారు. పంతులు ఆ చప్పుడయ్యేదాకా ఆగాడు, అదేదో తనకి అవసరమైనట్టు. తర్వాత అన్నాడు.

"తీశాను. నేనే తీశాను."

తిడతాడనుకున్నాడు. ఆ బాగున్న చేత్తో కొడతాడనుకున్నాడు. కొట్టించుకోవడానికి వీలుగా కొంచెం ముందుకి వంగాడు కూడా. కానీ హుషారు మొహం విచ్చుకుంది. పదేళ్ళుగా పంతులు చూడని మొహం అది.

"అయితే వేశాను" అన్నాడు హుషారు. "నేను వేశాను కదా. వేసే దిగాను కదా బావా."

"వేశావు."

"ఆ చప్పుడు నిన్నటిదే."

"నిన్నటిదే."

హుషారు నవ్వాడు. భుజం నొప్పికి నవ్వు మధ్యలో ఆగింది, మళ్ళీ నవ్వాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేక అలాగే వదిలేశాడు. "నా బుర్ర బాగానే ఉంది. రాత్రి నుంచి నన్ను నేను చంపుకు తిన్నాను. బాగానే ఉంది, నా బుర్రకేం కాలేదు."

పంతులుకి ఏం చేయాలో అర్థం కాలేదు. మనిషిని గోతిలో నలిపేసినంత పని చేశాడు తను. ఆ మనిషి వరం దొరికినట్టు సంబరపడుతున్నాడు. తను సంతోషించాలా, సిగ్గుపడాలా? చేతి రుమాలు తీసి హుషారు కళ్ళు తుడిచాడు. తుడుస్తుంటే తన కళ్ళు కూడా తడయ్యాయి.

"ఎలా తీశావు? కోశావా?" అన్నాడు హుషారు కాసేపటికి.

"ఇంకో తాళంచెవి ఉంది నా దగ్గర. చేయించాను. ఆరేళ్ళయింది."

నవ్వు పూర్తిగా పోలేదు గానీ ఉన్నచోటే ఆగిపోయింది. "ఆరేళ్ళా?"

"నువ్వు తాళం వదిలేసి పోయేవాడివి. ఫైల్లో మూడోది ఎక్కుతుందని..."

"తీసి మరి ఏం చేసేవాడివి?"

"ఆఫీసులో నీ కొక్కానికి తగిలించేవాణ్ణి."

హుషారు చాలా మామూలుగా మాట్లాడాడు. "నేను ఏమనుకునేవాణ్ణో తెలుసా? పొద్దున్నే వచ్చి చూస్తే నా తాళం కొక్కానికి ఉండేది. నిన్న ఎంత తాగినా తాళం తీసుకునే వచ్చాను చూశావా అనుకునేవాణ్ణి. అదొక గొప్ప నాకు. మా ఆవిడ ఏడ్చినప్పుడల్లా అదే చెప్పేవాణ్ణి. తాగితే తాగుతాను గానీ పనిలో నాకు పొరపాటు రాదే, కావాలంటే తాళం చూడు అని."

పంతులు మంచం పట్టీ పట్టుకున్నాడు. తాళాలు తీసినన్ని రోజులూ తను ఏదో మోస్తున్నానని, స్నేహితుణ్ణి ఒడ్డుకి లాగుతున్నానని అనుకున్నాడు. ఇంకో సంగతి కూడా అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. నిన్న పొద్దున్న ఆ తాళం కనపడ్డప్పుడు ఏడుపొచ్చిన మాట నిజమే. దాంతోపాటే ఏదో తేలికగా కూడా అనిపించింది. డెబ్బై రోజులుగా హుషారుకి తన అవసరం లేదు. మళ్ళీ వచ్చింది. అంత ఏడుపులోనూ అలా అనిపించిన మనిషిని ఏమనాలి? చెడ్డవాడనాలా, పిచ్చివాడనాలా? నేను రాస్తున్నవాణ్ణే గానీ నాకూ తెలియదు.

"చెల్లెమ్మ రాగానే చెప్పేస్తాను. ఆఫీసులోనూ చెప్పేస్తాను" అన్నాడు.

హుషారు ఏదో అనబోయాడు. గుమ్మంలో సేఫ్టీ మేడమ్ కనపడింది.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. కళ్ళజోడు తాడు మెడలో వేసుకుని, పుస్తకం గుండెలకి హత్తుకుని, మంచం దగ్గరికి వచ్చి ముందు నొప్పి ఎలా ఉందని అడిగింది. నిద్ర పట్టిందా అని అడిగింది. ఆ తర్వాతే కుర్చీ లాక్కుని పుస్తకం తెరిచింది.

"నేను దాచకుండా చెబుతాను" అంది హుషారుతో. "మీ తాళం బోర్డు మీద మీ కొక్కానికే ఉంది, నిన్న సాయంత్రం నేను చూశాను. స్విచ్‌కి తాళం లేదని పంతులుగారు చెప్పారు. అంటే మీరు తాళం వేయకుండా దిగారు. మీ ఫైల్లో ఇప్పటికే రెండు ఉన్నాయి. మతిమరుపు అని రాస్తే ఇది మూడోది, ఉద్యోగం పోతుంది. తాగి ఉన్నానని మీ అంతట మీరే ఒప్పుకుంటే వేరు. అది జబ్బు కింద వస్తుంది. మూడు నెలలు చికిత్సకి పంపి, తర్వాత మళ్ళీ తీసుకుంటారు. రక్తపరీక్ష నిన్ననే చేయించాల్సింది, ఈ గొడవలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు చేసినా ఏం తెలియదు. కాబట్టి మీ మాటే నేను రాసుకోవాలి."

"తాళం వేరేవాళ్ళు తీసి ఉంటే మేడమ్?" అని అడిగింది హుషారే.

"తీస్తే అది పోలీసు కేసు. లోపల మనిషి ఉండగా తీయడమంటే మాటలా? ఉద్యోగం సంగతి దేవుడెరుగు, జైలుకి పోతారు. కానీ ఎలా తీస్తారు, చెవి మీ దగ్గరే ఉంటే?"

పంతులు లేచి నిలబడ్డాడు. "మేడమ్..." అన్నాడు.

"తాగాను మేడమ్" అన్నాడు హుషారు.

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సోమవారం సాయంత్రం తాగాను. మంగళవారం తల దిమ్ముగా ఉంది. తాళం సంగతే గుర్తు లేదు. రాసుకోండి" అని, పంతులు చెయ్యి బాగున్న చేత్తో పట్టుకుని కిందికి లాగాడు. ఆవిడ తల వంచి రాసుకుంటుంటే గొంతు తగ్గించి అన్నాడు. "కూర్చో బావా. ఇన్నేళ్ళూ నా కోసం నువ్వు అబద్ధాలు చెప్పావు. ఒక్కసారి నన్ను చెప్పనీ. నా బుర్ర సంగతి నాకు తెలుసు, అది చాలు నాకు."

"చెల్లెమ్మ?"

"దానికి తర్వాత మెల్లగా చెప్పుకుంటాను."

ఆ తర్వాత అనేది రాలేదు. చెల్లెమ్మ గుమ్మంలో ఉంది. చేతిలో మందుల కవరు. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో అడగక్కర్లేదు, మొహమే చెబుతోంది. "తాగాను" దగ్గర్నుంచి విన్నది. బావల గుసగుస మాత్రం ఆమె దాకా రాలేదు.

ఆమె భర్త వైపు చూడలేదు.

"అన్నయ్యా, మీరు చెప్పండి. తాగారా?"

ఈ ప్రశ్న ఆమె పంతుల్ని ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. ఫోన్‌లో అడిగింది, గుమ్మంలో నిలబడి అడిగింది, ఒకసారి నడివీధిలో చెయ్యి పట్టుకుని ఆపి అడిగింది. ప్రతిసారీ పంతులు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఓవర్‌టైమమ్మా, ఒంట్లో బాగాలేదమ్మా, ఎండదెబ్బమ్మా.

"తాగలేదు చెల్లెమ్మా. ఒట్టు. ఒక్క చుక్క కూడా తాగలేదు" అన్నాడు పంతులు. ఇన్నేళ్ళలో ఆమెకి చెప్పిన మొదటి నిజం అది.

ఆమె తల ఊపింది. "ఈయన తాగారని మీరెప్పుడు చెప్పారు గనక. మా గుమ్మంలో అడ్డంగా పడి ఉన్నా నీరసం అన్నారు."

లోపలికి వచ్చి కవరు మంచం మీద పెట్టింది. ఒక్కో మందూ తీసి భర్తకి చూపించింది. ఇది తిన్నాక, ఇది పడుకోబోయే ముందు, ఇది నొప్పి ఉంటేనే, అని వివరంగా చెప్పింది. రెండోది చేదుగా ఉంటుందని కూడా చెప్పింది. మెడలో టేపు ఉందని అప్పుడే చూసుకుని, తీసి చుట్టి సంచిలో వేసుకుంది. "వెళ్ళొస్తాను" అనలేదు. మామూలు నడకతో బయటికి నడిచింది.

"ఏమే, ఆగు" అన్నాడు హుషారు. ఆగలేదు. లేవబోయాడు, భుజం లేవనివ్వలేదు.

సేఫ్టీ మేడమ్ పెన్ను ఎత్తి పట్టుకుంది. "పంతులుగారూ, ఒట్టేసి తాగలేదన్నారు ఇప్పుడు. ఈయన తాగానంటున్నారు. తాగకపోతే తాళం ఏమైంది?"

హుషారు తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు బావా, వద్దు అని కళ్ళతో బతిమాలుతున్నాడు. పంతులు అతన్ని చూశాడు, మేడమ్‌ని చూశాడు, ఖాళీ గుమ్మాన్ని చూశాడు. ఎవరికి మేలు చేస్తే ఎవరికి కీడవుతుందో ఇక అతనికి అంతుపట్టలేదు. ఆలోచించి తేల్చుకునే ఓపిక అయిపోయింది. లేచి బయటికి పరుగెత్తాడు.

నడవాలో ఆమె లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది, అప్పటికే రెండంతస్తులు దిగినట్టుంది. పంతులు పిట్టగోడ పట్టుకుని కిందికి వంగాడు. ఆమె కనపడలేదు, గోడ మీద చెయ్యి ఒక్కటే మలుపు మలుపుకీ కనపడి పోతోంది.

"చెల్లెమ్మా" అని కేక వేశాడు. "వాడు తాళం వేశాడు. వేసే దిగాడు. తీసింది నేను. దొంగ తాళంచెవి చేయించుకుని నేనే తీశాను."

ఆ మాటలు నాలుగంతస్తులూ తిరిగాయి. వార్డులో ఎవరో దగ్గుతున్నవాళ్ళు ఆగారు. వెనక గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది, మేడమ్ లేచినట్టుంది.

కింద అడుగులు ఆగాయి. ఆమె పైకి రాలేదు, కిందికీ పోలేదు. గోడ మీద ఆ చెయ్యి అలాగే ఉంది.

కాసేపటికి ఆమె గొంతు వచ్చింది. కోపంగా లేదు, ఏడుపుగా లేదు, కొలతలు అడిగినంత మామూలుగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా?"